డ్రైవరు మొహం మీకు కనపడతా ఉందా?

మీరు అడగండి, మేం చెప్తాం

ప్రశ్న: సార్, మాది తిరుపతిలో కొర్లగుంట. పోయిన నెల మా అత్త బస్సు దిగి, ఆగుండే బస్సే కదా అని దాని ముందర్నుంచే రోడ్డు దాటబోయింది. అంతలో బస్సు కదిలి ఆమె కింద పడింది, తుంటి ఎముక విరిగింది. డ్రైవరేమో నాకు కనపళ్లేదమ్మా అని ఏడస్తా ఉన్నాడు. అంత పెద్ద అద్దం ఉండి ఎదురుగా మనిషి కనపడకుండా ఎట్ల పోతుంది? ఆస్పత్రి ఖర్చుకు ఏమన్నా వచ్చే దారి ఉందా?

జవాబు: అమ్మా, మీ అత్తగారు మళ్లా లేచి తిరగాలని స్వామికి మొక్కుకుంటా ఉన్నాను. నేను ముప్పై ఏళ్లు బస్సు తోలినోణ్ణి, అందుకని డ్రైవర్ని వెనకేసుకొస్తున్నాడు అనుకోవద్దు. ఆయన చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, కానీ కనపళ్లేదు అన్నంత మాత్రాన తప్పు పోదు. బండి కదిలించేముందు సీట్లోనుంచి ముందుకు వంగి అద్దం కింద చూసుకోవాల్సింది, ఎడమపక్క మిర్రరు చూసుకోవాల్సింది ఆయనే, కండక్టరు రైట్ రైట్ అని ఎంత తొందర పెట్టినా సరే.

ఎప్పుడన్నా ఆగుండే బస్సులో డ్రైవరు సీట్లో కూర్చుని చూడండి, బంపరుకు ఆనుకోని ఉండే నేల అస్సలు కనపడదు, అక్కడ పొట్టి మనిషో చిన్నబిడ్డో ఉంటే అంతే సంగతులు. దానికితోడు అద్దం మూల కమ్మీ, ఆ పక్కన పెద్ద మిర్రరు, మన ఊరి బస్సులకైతే పూలదండలు, పటాలు, స్టిక్కర్లు కూడా. ఒకరోజు బస్టాండు బయట నేను బండి కదిలించబోతా ఉంటే అద్దం కింది అంచులో గంధం పూసిన గుండు ఒకటి అట్ల కనిపించి ఇట్ల మాయమైపోయింది. బ్రేకు తొక్కి దిగి చూస్తే నాలుగైదేళ్ల పిల్లోడు, అప్పుడే కొండ దిగొచ్చినట్టుండాడు, చేతిలోంచి జారిన లడ్డు కవరు కోసం బంపరు కింద వంగున్నాడు. వాళ్లమ్మ పక్కనే టీ అంగట్లో చిల్లర తీసుకుంటా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి అద్దం మీది దండ తీసి లోపల పటానికి వేసినాను, రిటైరయ్యే దాకా మళ్లా అద్దానికి ఏమీ కట్టలేదు.

అందుకే ఇంట్లో అందరికీ చెప్పండి, బస్సు దగ్గర నిలబడినప్పుడు డ్రైవరు మొహం మీకు కనపడతా ఉందా లేదా చూసుకోండి, మీకు ఆయన మొహం కనపడకపోతే ఆయనకు మీరు కనపడరు. బస్సు దిగినాక అది కదిలిపోయే దాకా ఓరగా నిలబడి, ఆ తర్వాతే దాటాలి. పెద్దోళ్లకు ఇది మరీ మరీ చెప్పాలి.

ఇంకోటి, లీలామహల్ సర్కిల్ లాంటి చోట మలుపు తిరిగే బస్సు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు, లోపలికి కోసుకుని వస్తాయి. ముందుభాగం దాటిపోయింది కదా అని బ్యాగులు పెట్టుకుని మూలలో రోడ్డు అంచున నిలబడే యాత్రికులు వెనక చక్రం కింద పడేది అట్లనే. పైగా 2022 నుంచి కొండకు కరెంటు బస్సులు తిరగతా ఉన్నాయి, చప్పుడు వింటే తప్పుకుందాంలే అనే అలవాటు వాటి దగ్గర పనికిరాదు. స్పీడు సంగతంటారా, గంటకు 40 కిలోమీటర్ల మీద పోయే బస్సు ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది, డ్రైవరు చూసి కాలు బ్రేకు మీద పెట్టేలోపే అంత దూరం అయిపోతుంది, ఆగేదానికి ఇంకో అంత కావాలి, వాన పడితే ఇంకా జాస్తి.

డబ్బు విషయానికొస్తే, పోలీసు కంప్లైంటు ఇవ్వకపోయుంటే రేపే పోయి ఇవ్వండి, ఎఫ్ఐఆర్ కాపీ, ఆస్పత్రి చీటీలు, మందుల బిల్లులు ఒక్కటీ పారేయొద్దు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో క్లెయిమ్ వేయొచ్చు, యాక్సిడెంటు యాడ జరిగినా మీరు ఉండే ఊరి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు, చట్టంలో ఆరు నెలల గడువు రాసుంది కాబట్టి ఆ లోపలే వేసేయండి. మధ్యలో ఎవరో వచ్చి పదివేలు ఇస్తాం సంతకం పెట్టు అంటే పెట్టొద్దు, తుంటి ఎముక ఆపరేషన్ అయితే ఆ ఖర్చు ఎంతకు పోతుందో ఇప్పుడే తెలియదు కదా.

ప్రశ్న: అంకుల్, నేను చిత్తూరులో డిగ్రీ చదవతా ఉన్నాను. బస్సు గుద్ది ఎవరన్నా రోడ్డు మీద పడుంటే పోయి ఎత్తాలని ఉంటుంది, కానీ సాక్ష్యం, కోర్టు అని తిప్పుతారేమో అని ఫ్రెండ్సు భయపెడతా ఉన్నారు.

జవాబు: భయపడొద్దు నాయనా. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని కలిపినారు, సాయం చేసినోళ్లు పేరు చెప్పాలని బలవంతం లేదు, వాళ్ల మీద కేసూ ఉండదు. 108కి ఫోన్ చేసి, ఏ సర్కిల్లోనో, ఏ అంగడి ఎదురుగానో అనేది సరిగ్గా చెప్పు. ఆస్పత్రిలో ముందు డబ్బు కట్టమంటే, 2025లో కేంద్రం తెచ్చిన క్యాష్‌లెస్ స్కీము గురించి అడుగు, స్కీములో ఉండే ఆస్పత్రుల్లో ఏడు రోజుల దాకా 1.5 లక్షల రూపాయల వైద్యం డబ్బు కట్టకుండా చేయాల. చక్రం దగ్గర మనిషి ఇరుక్కునుంటే మాత్రం చుట్టూ చేరినోళ్లు వెనక్కి పో, ముందుకు పో అని అరుస్తారు, డ్రైవరు కంగారులో కదిలిస్తే అదే చక్రం మళ్లా ఎక్కుతుంది. నువ్వు కిటికీ దగ్గరికి పరిగెత్తి ముందు ఇంజను ఆపించు.