టెక్ సందేహాలు: కెమెరా బాగానే ఉంది, అలర్ట్‌లే ఎందుకు ఆగిపోతున్నాయి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో మూడు పైకి వేర్వేరుగా కనిపిస్తాయి గానీ, లోపల ఉన్న సమస్య దాదాపు ఒకటే: అవతల మారిన సంగతి మన ప్రోగ్రాంకి తెలియకపోవడం. అందుకే మూడింటికీ కలిపి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: గుంటూరు దగ్గర మాకు మిర్చి గోడౌన్ ఉంది. ఐపీ కెమెరాలు పెట్టించాం. రాత్రిపూట ఏదైనా కదిలితే ఫోన్‌కి మెసేజ్ రావాలని మా తమ్ముడు ఆన్‌విఫ్ (ఏ కంపెనీ కెమెరాతోనైనా ఒకే తీరుగా మాట్లాడే ప్రమాణం) పద్ధతిలో పైథాన్ ప్రోగ్రాం రాశాడు. కాసేపు మెసేజ్‌లు వస్తాయి, తర్వాత ఆగిపోతాయి. వీడియో మాత్రం బాగానే వస్తుంది. ప్రోగ్రాంని రీస్టార్ట్ చేస్తే మళ్ళీ పనిచేస్తుంది, కానీ కరెంటు పోయి వచ్చిన రోజు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. కెమెరాలు మార్చేయమంటారా?

మార్చకండి, డబ్బు దండగ. వీడియో వచ్చే దారి వేరు, కదలిక సంగతి చెప్పే దారి వేరు. వీడియో, దాని ప్రసారానికి వాడే ఆర్‌టీఎస్‌పీ అనే పద్ధతి మీద వస్తుంది. కదలిక సమాచారాన్ని మీ తమ్ముడి ప్రోగ్రాం కెమెరా లోపల ఉన్న ఒక చిన్న వెబ్ సర్వీసు నుంచి తీసుకుంటోంది. ఆన్‌విఫ్ అనేది 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి మొదలుపెట్టిన సంస్థ, దాని ప్రమాణానికీ అదే పేరు. ఈవెంట్ల కోసం వాళ్ళు కొత్త పద్ధతేమీ కనిపెట్టలేదు, అప్పటికే ఉన్న డబ్ల్యూఎస్-నోటిఫికేషన్ అనే ప్రమాణాన్ని తీసుకున్నారు. ఆన్‌విఫ్ కెమెరాల్లో దీనికి ఒక నియమం ఉంది: సబ్‌స్క్రిప్షన్‌కి, అంటే కబుర్లు పంపమని కెమెరా దగ్గర చేసుకున్న నమోదుకి, గడువు ఉంటుంది. అద్దె ఇంటి పదకొండు నెలల అగ్రిమెంటు లాంటిదే, రెన్యూ చేయకపోతే అయిపోయినట్టే. కాకపోతే ఇక్కడ గడువు చాలాసార్లు ఒక నిమిషమే! అది దాటగానే కెమెరా ఆ సబ్‌స్క్రిప్షన్‌ని తీసేస్తుంది, తీసేశానని విడిగా కబురు కూడా పెట్టదు.

ఇలా ఎందుకు పెట్టారంటే, కెమెరాలో మెమరీ కొంచెమే ఉంటుంది. వినేవాడు కంప్యూటర్ ఆపేసి వెళ్ళిపోయినా ఆ సంగతి కెమెరాకి తెలీదు. గడువు లేకపోతే దిక్కులేని సబ్‌స్క్రిప్షన్లు పేరుకుపోయి కొత్తవాళ్ళకి చోటుండదు. నన్నడిగితే ఇది చాలా మంచి ఏర్పాటు, ప్రోగ్రాం రాసేవాళ్ళు దాన్ని పట్టించుకోకపోవడమే అసలు ఇబ్బంది.

మీ తమ్ముడిని కోడ్‌లో ఈ వరస చూసుకోమనండి. ముందు క్రియేట్‌పుల్‌పాయింట్‌సబ్‌స్క్రిప్షన్ అని అడిగితే కెమెరా ఒక అడ్రస్ ఇస్తుంది, దాంతోపాటు గడువు ఎప్పుడు తీరుతుందో కూడా చెబుతుంది. ఆ అడ్రస్‌కి పుల్‌మెసేజెస్ అనే రిక్వెస్ట్ పదేపదే పంపాలి. అందులో టైమౌట్ (ఎంతసేపు ఆగాలో చెప్పే హద్దు) 30 సెకన్లు అని ఇస్తే, కబురేదీ లేనప్పుడు కెమెరా ఆ 30 సెకన్లూ కనెక్షన్‌ని అలాగే పట్టుకుని ఉంటుంది, ఏదైనా కదలగానే వెంటనే జవాబిస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: పైథాన్‌లో హెచ్‌టీటీపీ టైమౌట్ 10 సెకన్లని పెట్టి ఉంటే, కెమెరా ఇంకా ఎదురుచూస్తుండగానే మన ప్రోగ్రాం కనెక్షన్ తెంపేసుకుంటుంది. కాబట్టి మన వైపు టైమౌట్ ఎప్పుడూ కెమెరాకి ఇచ్చిన దానికంటే ఎక్కువ ఉండాలి. గడువు 60 సెకన్లయితే 40 దగ్గరే రెన్యూ పంపేయండి, చివరి క్షణం దాకా ఆగొద్దు. రెన్యూకి ఎర్రర్ వచ్చిందంటే ఆ సబ్‌స్క్రిప్షన్ పోయినట్టే లెక్క, దాన్నే పట్టుకుని వేలాడకుండా మొదటినుంచి కొత్తది తీసుకోవాలి.

ఇక కరెంటు సంగతి. బ్యాటరీతో నడిచే గడియారం లేని కెమెరాలు ఆగి లేస్తే కొన్నింట్లో తేదీ 1970 జనవరి 1కి వెళ్ళిపోతుంది. మీ ప్రోగ్రాం పంపే పాస్‌వర్డ్ టోకెన్‌లో (పాస్‌వర్డ్ తెలుసని రుజువు చేసే చీటీ లాంటిది) అది తయారైన టైమ్ కూడా ఉంటుంది. ఆ టైమ్‌కీ తన గడియారానికీ పొంతన కుదరకపోతే, పాస్‌వర్డ్ సరైనదే అయినా కెమెరా ఒప్పుకోదు. వీడియో లాగిన్‌కి ఈ టైమ్ లెక్క లేదు, అందుకే అది నడుస్తూనే ఉంటుంది. కెమెరా సెట్టింగ్స్‌లో ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి గడియారాన్ని సరిచేసుకునే ఏర్పాటు) ఆన్ చేయండి. గోడౌన్‌లో ఇంటర్నెట్ నమ్మకంగా ఉండదంటే, లాగిన్ లేకుండానే జవాబిచ్చే గెట్‌సిస్టమ్‌డేట్‌అండ్‌టైమ్‌తో కెమెరా టైమ్ తెలుసుకుని, తేడా ఎంతో లెక్కగట్టి టోకెన్‌లో ఆ టైమే వేయమనండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది, మీ సరుకు భద్రత దీనిమీదే ఆధారపడి ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. సబ్‌స్క్రిప్షన్ తెగిన ఆ కాసేపట్లోనే ఎవరో లోపలికి వచ్చారనుకోండి. 'కదలిక లేదు' నుంచి 'ఉంది'కి మార్పు అప్పుడే జరిగిపోయింది, ఆ కబురు మీకు అందలేదు. తిరిగి కనెక్ట్ అయ్యేసరికి కదలిక ఇంకా సాగుతూనే ఉంటే, కెమెరా దృష్టిలో కొత్తగా మారిందేమీ లేదు. అందుకే ఆన్‌విఫ్ నియమం ప్రకారం కొత్త సబ్‌స్క్రిప్షన్ మొదలవగానే కెమెరా తన ప్రస్తుత స్థితిని 'ఇనీషియలైజ్డ్' అనే గుర్తుతో పంపాలి. చాలా ప్రోగ్రాంలు 'ఛేంజ్డ్' అని ఉన్న మెసేజ్‌లే చూసి వీటిని పక్కన పడేస్తాయి, మీది కూడా అలా చేస్తోందేమో చూడండి. మధ్యలో ఎప్పుడు అనుమానం వచ్చినా సెట్‌సింక్రనైజేషన్‌పాయింట్ అని పంపితే కెమెరా అన్ని స్థితులనూ మళ్ళీ చెబుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. డబ్ల్యూఎస్‌ఆర్‌ఎఫ్ (సర్వర్‌లోని డేటాని చదవడానికీ మార్చడానికీ ఉన్న ఒక పాత వెబ్ సర్వీసు ప్రమాణం) వాడిన పాత జావా సర్వీసు ఒకటి నాకు అప్పగించారు. ఇద్దరు యూజర్లు ఒకే రికార్డు తెరిస్తే ఒకరు మార్చింది ఇంకొకరు చెరిపేస్తున్నారు. దాన్ని రెస్ట్‌లోకి (మామూలు హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌లతో పనిచేసే పద్ధతి) మార్చేస్తే ఈ సమస్య పోతుందా?

మార్చినంత మాత్రాన పోదు. డబ్ల్యూఎస్‌ఆర్‌ఎఫ్‌ని ఐబీఎం, గ్లోబస్ వంటివాళ్ళు 2004లో ప్రకటించారు, 2006లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ దాన్ని ఆమోదించింది. దాని ఆలోచన సూటిగానే ఉంటుంది: సర్వర్‌లో ఉన్న ప్రతి వస్తువుకీ కొన్ని ప్రాపర్టీలు (లక్షణాలు), వాటిని చదవడానికి గెట్‌రిసోర్స్‌ప్రాపర్టీ, మార్చడానికి సెట్‌రిసోర్స్‌ప్రాపర్టీస్, మారితే పాత విలువా కొత్త విలువా చెప్పే నోటిఫికేషన్ (పాత విలువ పంపడం తప్పనిసరి కాదు, కాబట్టి దాన్ని నమ్ముకుని కోడ్ రాసి ఉంటే ఇప్పుడే సరిచేయండి). కానీ 'నేను చదివిన తర్వాత ఇది మారిందా' అని అడిగే ఏర్పాటు ఆ మెసేజ్‌లలో లేదు. అది మీరే ఒక వెర్షన్ నంబరు ప్రాపర్టీ పెట్టి చూసుకోవాలి. మార్పుల్లో కొన్ని ఫెయిలైతే వచ్చే ఫాల్ట్‌లో (ఎర్రర్ మెసేజ్), పాత విలువలు తిరిగి పెట్టారో లేదో చెప్పే రిస్టోర్డ్ అనే గుర్తు ఉంటుంది. దాన్ని చదవకుండా గుడ్డిగా మళ్ళీ ట్రై చేసే కోడ్ ఉంటే, మీ గందరగోళంలో కొంత భాగం అక్కడిదే కావచ్చు.

రెస్ట్‌కి వెళ్ళాక ఈ పని ఈట్యాగ్‌తో (రికార్డు మారితే తానూ మారే గుర్తు) తేలిగ్గా అవుతుంది. చదివినప్పుడు వచ్చిన ఈట్యాగ్‌ని మార్చేటప్పుడు ఇఫ్-మ్యాచ్ అనే హెడర్‌లో పంపితే, ఈలోపు ఎవరైనా మార్చి ఉంటే సర్వర్ 412 (షరతు కుదరలేదు) అనే ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు యూజర్‌కి రెండు విలువలూ పక్కపక్కన చూపించండి, మీరే ఏదో ఒకటి ఎంచుకోకండి. ఇఫ్-మ్యాచ్ లేకుండా వచ్చిన రిక్వెస్ట్‌ని 428 (షరతు తప్పనిసరి) అనే ఎర్రర్‌తో తిప్పి పంపండి. ఈ చివరిది వదిలేస్తే, పాత స్క్రీన్ ఒక్కటి మిగిలినా డేటా చెరిగిపోతూనే ఉంటుంది.

ప్రశ్న: మా క్లినిక్ సైట్‌ని గూగుల్ క్యాలెండర్‌కి కలిపాం. కొన్నాళ్ళు పోయాక డాక్టర్ గారు మార్చిన టైమ్‌లు సైట్‌లోకి రావడం మానేశాయి. పేషెంట్లతో మాట పడుతున్నాం.

మీది కూడా గడువే. మార్పుల కబుర్లు మీ సైట్‌కి పంపే క్యాలెండర్ వాచ్ ఛానెల్‌కి ఎక్స్‌పైరీ ఉంటుంది, అది దానంతటది రెన్యూ కాదు. గడువు తీరకముందే కొత్త ఐడీతో ఇంకో ఛానెల్ తెరవాలి. కాసేపు రెండూ నడిచి ఒకే కబురు రెండుసార్లు వచ్చినా కంగారు పడొద్దు, ఎందుకంటే అసలు మార్పు ఏమిటన్నది ఆ కబురులో ఉండదు, ఏదో మారిందని మాత్రమే ఉంటుంది. మీరే సింక్‌టోకెన్‌తో (కిందటిసారి ఎక్కడిదాకా తెచ్చుకున్నామో చెప్పే గుర్తు) ఈవెంట్ల లిస్టు అడిగి తెచ్చుకోవాలి. ఎప్పుడైనా 410 ఎర్రర్ వస్తే ఆ టోకెన్ పనికిరాదని అర్థం, దాన్ని పారేసి మొత్తం క్యాలెండర్ మొదటినుంచి తెచ్చుకోండి. నోటిఫికేషన్ వచ్చినా రాకపోయినా రోజూ పొద్దున క్లినిక్ తెరవకముందు ఒకసారి సింక్ నడిచేలా షెడ్యూల్ పెట్టేయండి. ఆ రోజు అపాయింట్‌మెంట్లయినా సరిగ్గా ఉంటాయి.