తప్పలేదా, తప్పు లేదా?

సందేహం: “‘అణగారిన వేర్పాటువాద ఉద్యమాలు సాయుధ తిరుగుబాటు చేయడం న్యాయమే’ – ఈ మధ్య ఒక వ్యాసంలో చదివిన వాక్యమిది. అణగారినది ఉద్యమమా, జనమా? ‘న్యాయమే’ అన్నచోట ‘సబబే’ అనో ‘సమర్థనీయమే’ అనో రాస్తే అర్థం మారుతుందా? తిరుగుబాటు, పోరాటం – ఈ రెండింట్లో ఏది వాడాలి? వాక్యంలో ఏదో తేడా ఉందనిపిస్తోంది కానీ ఎక్కడో అంతుపట్టడం లేదు.”

సమాధానం: మీ అనుమానం నిజమే. తేడా ఒకచోట కాదు, వాక్యం పొడుగునా ఉంది.

ముందు ‘అణగారిన’ సంగతి. అణగారిన ఉద్యమం అంటే చప్పబడిపోయిన ఉద్యమం. అది తిరుగుబాటు చేయదు, చేయలేదు. అణగారినది జనం, కాబట్టి ‘అణగారిన ప్రజల ఉద్యమాలు’ అనాలి. అలా దిద్దినా ఒక లోటు మిగులుతుంది. వంగు–వంచు, పెరుగు–పెంచు, దిగు–దించు ఎలాంటి జంటలో అణగు–అణచు కూడా అలాంటి జంటే. మొదటిది దానంతట అది జరిగేది, రెండోది ఒకరు పూనుకుని చేసేది. ‘అణగారిన’ అన్నప్పుడు అణచినవాడు వాక్యంలోంచి తప్పుకుంటాడు. తిరుగుబాటు మంచిచెడ్డలు తేల్చాలంటే ముందు వాణ్ణి పట్టుకోవాలి కదా.

ఆఫ్రికాలోని ఎరిట్రియానే తీసుకోండి. ఐక్యరాజ్యసమితి తీర్మానం ప్రకారం 1952లో అది ఇథియోపియాతో సమాఖ్యగా కలిసింది. సొంత శాసనసభ, సొంత జెండా, అధికార భాషలుగా తిగ్రిన్యా, అరబిక్ ఉండేవి. ఒక్కొక్కటే పోయాయి. జెండా దిగింది, ఇథియోపియా అధికార భాష అమ్హారిక్ వచ్చి కూర్చుంది, 1962లో చక్రవర్తి హైలే సెలాసీ సమాఖ్యనే రద్దు చేశాడు. తుపాకులు అంతకు ఏడాది ముందే, 1961లో పేలాయి. ఇక్కడ ‘అణగారిన ఎరిట్రియా’ అని రాస్తే ఈ కథంతా మాయమవుతుంది. ‘ఇచ్చిన మాట తప్పి అణచివేసిన’ అని రాస్తే కనిపిస్తుంది. నేనైతే రెండోదే రాస్తాను.

ఇక ‘వేర్పాటువాదం’. తెలుగు మాటకు సంస్కృత పదం అతికితే పాతకాలపు పండితులు వైరి సమాసమని కోప్పడేవారు. ఇప్పుడు ఆ పట్టింపు ఎవరికీ లేదు, నాకూ లేదు. నా పట్టింపు ఈ మాట ఎవరి నోట వస్తుందన్న దాని మీద. విడిపోదామనేవాళ్లు తమను తాము వేర్పాటువాదులమని చెప్పుకోవడం అరుదు. వాళ్ల నోట విముక్తి, స్వాతంత్ర్యం, స్వయం నిర్ణయాధికారం ఉంటాయి. పైగా వేరుపడాలంటే ముందు కలిసి ఉండాలి. 1975 డిసెంబరులో ఇండోనేసియా సైన్యం తూర్పు తైమూరులో దిగింది, మర్నాటి ఏడు దాన్ని తన రాష్ట్రంగా ప్రకటించుకుంది. ఐక్యరాజ్యసమితి ఆ విలీనాన్ని గుర్తించలేదు. 1999లో జనాన్ని అడిగితే 78 శాతానికి పైగా వద్దన్నారు. అలాంటివాళ్లను వేర్పాటువాదులంటే ఆక్రమణకు మనమే రిజిస్ట్రీ చేసిపెట్టినట్టు.

తిరుగుబాటుకూ పోరాటానికీ తేడా అడిగారు. తడబడు–తడబాటు, కట్టుబడు–కట్టుబాటు, అలవడు–అలవాటు వరసలోదే తిరగబడు–తిరుగుబాటు. ఒక అధికారం ఉంది, దానికి లోబడి ఉన్నవాడు ఎదురు తిరిగాడు – ఇది ఆ మాటలోనే ఉంది. పోరాటానికి ఆ పైమెట్టు, కిందిమెట్టు లేవు, ఎవరైనా ఎవరితోనైనా పోరాడవచ్చు. అందుకే ప్రభుత్వాలకు ‘తిరుగుబాటు’ ఇష్టం, ఉద్యమాలకు ‘పోరాటం’ ఇష్టం. తీర్పు చెప్పబోయే వ్యాసకర్తకు మాత్రం ‘సాయుధ పోరాటం’ మేలు, మొదటి అడుగులోనే ఒక పక్షం చేరకుండా ఉంటాడు. (ఒకప్పుడు తిరుగుబాటుకు ‘పితూరీ’ అనే మాట ఉండేది. ఇప్పుడు పితూరీలు చెప్పడమంటే చాడీలు చెప్పడమే. పాపం, ఎంత దిగజారింది!)

అసలు చిక్కంతా ‘న్యాయమే’ దగ్గరుంది. ‘సబబు’ అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం కారణం. మన దగ్గర కారణమున్నదీ సబబే, సమంజసమైనదీ సబబే. ఈ రెండూ ఒకటేనన్న పొరపాటు మీరు చదివిన వాక్యంలోనూ దాగి ఉంది. కోరిక న్యాయమైనది కావచ్చు, కోపానికి కారణం ఉండవచ్చు. ఎంచుకున్న దారి సమర్థనీయమా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు తెలుగులో రెండు జవాబులున్నాయి, రెంటికీ మధ్య ఒక్క కొమ్మే తేడా: ‘తప్పలేదు’, ‘తప్పు లేదు’. మొదటిది గతిలేక చేశామంటుంది. రెండోది చేసినదానికి ఇక అడగవద్దంటుంది.

1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన పీఠిక ఈ తేడాను ఎంత జాగ్రత్తగా పాటించిందో చూడండి. నిరంకుశత్వం మీద, అణచివేత మీద ఆఖరి మార్గంగా తిరగబడక తప్పని స్థితి మనిషికి రాకూడదంటే, మానవ హక్కులకు చట్టబద్ధ పాలన రక్షణగా ఉండాలని అందులోని భావం. తిరగబడటం హక్కు అని రాయలేదు, నేరమనీ రాయలేదు. ‘తప్పని స్థితి’ దగ్గర ఆగింది. బాధ్యతనంతా పాలించేవాడి మీద పెట్టింది.

ఆ స్థితి నిజంగా వచ్చిందని చెప్పగలిగినవి ఉన్నాయి. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) పార్టీ అవామీ లీగ్ పాకిస్తాన్ మొత్తం మీదే మెజారిటీ తెచ్చుకుంది. 1971 మార్చి 1న సభను వాయిదా వేశారు, 25 రాత్రి ఢాకా మీదికి సైన్యాన్ని వదిలారు. ఓటు వేసి గెలిచినవాళ్ల మీదికి ట్యాంకులు వస్తే మిగిలిన శాంతియుత మార్గమేదో చెప్పడం నాకు చేతకాదు. అక్కడ ‘తప్పలేదు’ నిలుస్తుంది.

కెనడాలోని క్విబెక్‌లో నిలవదు. విడిపోదామనే పార్టీ 1968లోనే పుట్టి ఎన్నికల్లో నిలబడుతోంది. అయినా 1970లో ఒక సాయుధ బృందం పియేర్ లపోర్ట్ అనే మంత్రిని అపహరించి చంపింది. ఆ పార్టీయే 1976లో ఓట్లతో అధికారంలోకి వచ్చి, 1980లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టింది. 1995లో రెండోసారి పెట్టినప్పుడు ఒక్క శాతం చిల్లర తేడాతో ఓడిపోయారు. తలుపు తెరిచే ఉంది.

అన్నిటికన్నా కష్టమైనది శ్రీలంక. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్నారు. తమిళ నాయకుడు చెల్వనాయకం సత్యాగ్రహాలు చేశారు, ప్రధానులతో 1957లో, 1965లో రెండు ఒప్పందాలు చేసుకున్నారు. రెండూ అమలుకు నోచుకోలేదు. 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని తగలబెట్టారు, 1983 జులైలో తమిళులను ఇళ్లలోంచి లాగి చంపారు. ‘తప్పలేదు’ అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ 1990 అక్టోబరులో తమిళుల సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ ఉత్తర ప్రాంతపు ముస్లింలందరినీ వెళ్లగొట్టింది. జాఫ్నాలో ఇచ్చిన గడువు రెండు గంటలు. వాళ్లూ తమిళమే మాట్లాడేవాళ్లు, ఆ నేల మీదే తరతరాలుగా ఉన్నవాళ్లు. బడికి పోవలసిన పిల్లల చేతికి తుపాకులిచ్చిందీ ఆ సంస్థే. ఈ పనులకు 1956 నుంచి 1983 దాకా జరిగినదాంట్లో ఏ ఒక్కటీ జవాబు కాదు. మొదలుపెట్టక తప్పలేదన్నది ఒప్పుకున్నంత మాత్రాన ఆ తర్వాత చేసినదాంట్లో తప్పు లేదని ఒప్పుకున్నట్టు కాదు. మీ వ్యాసకర్త ‘న్యాయమే’లోని ఆ చివరి ఏత్వం రెండిటికీ కలిపి ముద్ర వేసింది.

అంతర్జాతీయ చట్టం కూడా ఈ రెండిటినీ విడదీసే చూస్తుంది. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన మొదటి అదనపు ప్రొటోకాల్ వలస పాలన మీద, పరాయి ఆక్రమణ మీద, జాతివివక్ష ప్రభుత్వాల మీద స్వయం నిర్ణయాధికారం కోసం సాగే సాయుధ పోరాటాలను అంతర్జాతీయ యుద్ధాల కోవలో చేర్చింది. పోరాడేవాళ్లకు యుద్ధనియమాల రక్షణ దక్కుతుంది. పౌరుల జోలికి పోకూడదన్న నియమం వాళ్లకూ వర్తిస్తుంది.

ఇంతకీ వాక్యాన్ని ఎలా దిద్దుకోవాలంటారా? నేనిలా రాస్తాను: “ప్రజలను అణచివేసి, వాళ్లు చెప్పుకునే దారులన్నీ మూసేసిన చోట, విడిపోవడానికి సాయుధ పోరాటం తప్పలేదనవచ్చు, ఆ పోరాటంలో చేసిన ఒక్కొక్క పనీ సమర్థనీయమో కాదో విడిగా చూడాలి.” పొడుగైంది, ఒప్పుకుంటాను. పొట్టిగానే కావాలంటే సగానికి తెంచి రెండు వాక్యాలు చేయండి, కానీ రెండో సగం వదిలేయకండి. ‘సాయుధ’లో దీర్ఘం మరవకండి, స, ఆయుధ కలిసి సవర్ణదీర్ఘం వచ్చిన మాట అది.