మేయరు గారి ఉత్తరం చాలదు, లావణ్యా

చిరంజీవి లావణ్యకు,

యూరోపియన్ యూనియన్ పరిశోధనలకు డబ్బిచ్చే పథకం హొరైజన్ యూరప్‌కి నువ్వే కోఆర్డినేటర్‌గా ప్రాజెక్టు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో మురిసిపోతూ చెప్పింది. నేనూ మురిసిపోయాననుకో. కానీ జర్మనీలో యూనివర్సిటీ ప్రాజెక్టుల ఆఫీసులో ఇన్నేళ్ళు పనిచేసినదాన్ని, ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

మూడు దేశాల నుంచి మూడు సంస్థలు ఉండాలని నీకు తెలిసిందే. గడువు బ్రస్సెల్స్ టైం ప్రకారం సాయంత్రం 5 గంటలు. ముందురోజే ఒకసారి సబ్మిట్ చేసి పడెయ్, ఆనక గడువులోగా మార్చుకోవచ్చు.

ఇక అసలు సంగతి. స్పెయిన్‌లోని కాటలోనియాలో ఒక చిన్న ఊళ్ళో ఎండ వేడి కొలిచే పరికరాలు వీధి స్తంభాలకు కడతారట, ఆ ఊరి మేయరు గారు ఉత్తరం కూడా ఇచ్చారట. "ఉత్తరం ఇచ్చారు" అనగానే నా గుండె గుభేలుమంది.

మా దగ్గర ఒక ప్రొఫెసర్ గారు సరిగ్గా ఇదే పని చేశారు. ఆయనవి గాలి కాలుష్యం కొలిచే సెన్సర్లు. ఊరి పేరెందుకులే. మేయరు చక్కటి ఉత్తరం రాసిచ్చాడు. మునిసిపాలిటీ మాత్రం భాగస్వామి కాదు, బడ్జెట్‌లో వాళ్ళకి ఒక్క యూరో లేదు. "ఊరికి మంచిదేగా, డబ్బెందుకు?" అన్నారు ఈయన. ప్రాజెక్టు మంజూరైంది, సెన్సర్లు దిగాయి. ఈలోగా ఎన్నికలొచ్చి మేయరు మారాడు. ఆ ఉత్తరం సంగతి కొత్తాయనకు తెలియదు. స్తంభం మునిసిపాలిటీది, కరెంటు వేరే కంపెనీది. ఎక్కాలంటే నిచ్చెన బండి కావాలి, అది వీధి దీపాల విభాగంలో ఉంటుంది. ఆ ఇంజనీరమ్మను అప్పటిదాకా పలకరించిన పాపాన పోలేదు ఎవరూ. నన్ను పంపితే వెళ్ళాను. ఆవిడ గోడ మీది పని పట్టిక చూపించి, "మీ పని ఏ వారంలో ఇరికించమంటారు? మా వాళ్ళ గంటలు ఎవరి ఖాతాలో రాయమంటారు?" అంది. ఏం చెప్తాను? చలికాలమంతా సెన్సర్లు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

డేటా లేక, దాని మీదే పనిచేయాల్సిన కుర్రాడి కాంట్రాక్టు పొడిగించలేదు. దాంతో రెసిడెన్స్ పర్మిటూ పోయింది. మన గుంటూరు జిల్లా పిల్లాడే. వెళ్ళేముందు తన కుక్కరు నాకిచ్చాడు, ఇప్పటికీ పప్పు అందులోనే. నీ పర్మిటూ కాంట్రాక్టుతోనే ముడిపడి ఉందని నాకు తెలియదనుకున్నావా?

అందుకే చెప్తున్నా, మునిసిపాలిటీని పూర్తి భాగస్వామిగా చేర్చు. లాభాపేక్ష లేని సంస్థ కాబట్టి ఖర్చు నూటికి నూరు శాతం వస్తుంది, పైన పరోక్ష ఖర్చుల (ఆఫీసు, కరెంటు లాంటివి) కింద 25 శాతం. ఇంజనీరు ఎన్ని నెలలు పనిచేస్తారో బడ్జెట్‌లో రాయించు. కౌన్సిల్ తీర్మానం చేయించు. స్పెయిన్‌లో మునిసిపల్ ఎన్నికలు 2023 మేలో అయ్యాయి, నాలుగేళ్ళకోసారి కాబట్టి మళ్ళీ 2027 మేలో. నీ ప్రాజెక్టు నడుమనే! బార్సిలోనా లాంటి నగరానికైతే ఇలాంటివి చూసుకునే మనుషులుంటారు. 2030 కల్లా వాతావరణ తటస్థం (వేడి పెంచే వాయువుల నికర విడుదల సున్నా) కావాలని యూరోపియన్ కమిషన్ 2022లో ఎంచుకున్న 100 నగరాల్లో అదీ ఒకటి. చిన్న ఊరికి అంత బలగం ఉండదు. ఫారాలు వాళ్ళకి వదిలెయ్యకు, పక్కన కూర్చుని నింపించు.

కాటలోనియా ప్రభుత్వాన్నీ మరిచిపోకు. పరిశోధన డబ్బంటే ఢిల్లీ వైపు చూసే అలవాటు మనది. అక్కడ అలా కాదు. పదార్థాలను లోతుగా పరీక్షించే పెద్ద యంత్రం ఆల్బా సింక్రోట్రాన్ ఖర్చులో సగం వాళ్ళదే, మిగతా సగం మాడ్రిడ్‌లోని కేంద్ర ప్రభుత్వానిది. మారెనోస్ట్రమ్ అనే సూపర్‌కంప్యూటర్‌ని నడిపే బార్సిలోనా సూపర్‌కంప్యూటింగ్ సెంటర్‌లో 30 శాతం వాటా ఉంది. 2001 నుంచి ఇక్రియా అనే సంస్థ పేరుతో ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలనో పిలిచి ఉద్యోగాలిస్తున్నారు. బ్రస్సెల్స్‌లో వాళ్ళకి ఆఫీసుంది, మొహమాటపడకుండా వెళ్ళి కలువు. చిన్నప్పుడు కొట్లో చిల్లర అడగడానికే సిగ్గుపడేదానివి.

రాత్రిళ్ళు కాఫీ మీద బతక్కు, వేళకింత అన్నం తిను. తీర్మానం నకలు రాగానే నాకు పంపు. కాటలాన్ భాషలో ఉన్నా ఫర్వాలేదు, తేదీ, స్టాంపు కనిపిస్తే చాలు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ