పచ్చసొన పాలిపోతే కోడికి జబ్బు చేసినట్టేనా?

ప్రశ్న: మేము 200 రంగు కోళ్లను పెంచి గుడ్లు అమ్ముతున్నాము. మొక్కజొన్న ధర పెరగడంతో రెండు నెలలుగా దాణాలో నూకలు, జొన్నలు వాడుతున్నాము. గుడ్ల సంఖ్య తగ్గలేదు గానీ పచ్చసొన బాగా పాలిపోయింది, కోళ్ల కాళ్ల పసుపు కూడా తగ్గింది. ఇవి నాటు గుడ్లు కావని కొనేవారు అంటున్నారు. ఇది జబ్బా? ఏమి కలపాలి?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: గుడ్ల దిగుబడి తగ్గలేదంటున్నారు కనుక ఇది జబ్బు కాదు, దాణా మార్పు ఫలితమే. సొనకు పసుపునిచ్చే ల్యూటిన్, జియాజాంథిన్ అనే వర్ణకాలను కోడి సొంతంగా తయారు చేసుకోలేదు. అవి మేతలో ఉంటేనే పేగుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి కొవ్వుతో పాటు సొనలోకి చేరతాయి. పసుపు మొక్కజొన్నలో ఇవి సహజంగా ఉంటాయి, జొన్నలలో బహు స్వల్పం, నూకలలో దాదాపు లేవు. మేతలోని వర్ణకం ముందుగా సొనకే ఖర్చవుతుంది కాబట్టి, బాగా గుడ్లు పెట్టే కోడికి మొదట గుద చుట్టూ, తరువాత కనురెప్పల అంచున, ముక్కున, చిట్టచివర కాళ్లకు పసుపు తగ్గుతుంది. గుడ్లు పెట్టే కోళ్లను ఏరుకోవడానికి ఇదొక పాత గుర్తు కూడా.

నూకలు పూర్తిగా మానవలసిన పని లేదు. వీలైనంత మొక్కజొన్న తిరిగి కలిపి, మునగాకు లేదా లూసర్న్ వంటి పచ్చిమేత రోజూ వేయండి. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉన్నందున దానిని వాడకండి. బంతిపూల రేకులు ల్యూటిన్‌కు గని వంటివి. నీడలో ఎండబెట్టి పొడి చేసి 100 కిలోల దాణాకు ఒక కిలో కలపండి. ఎండలో వేస్తే వర్ణకం విరిగిపోతుంది. అంగడి పూలకు పురుగుమందు కొట్టి ఉండవచ్చు కనుక బతుకమ్మ పండుగకు మీ గట్ల మీద పూసే బంతినే వాడడం మేలు.

నారింజ ఛాయ కావాలంటే 100 కిలోలకు అర కిలో ఎండుమిరప పొడి చాలు, అయితే సొనలో ముందుగా పసుపు రంగు ఉంటేనే ఆ ఎరుపు సొనలో అందంగా కనిపిస్తుంది. పక్షులకు కారం మంట తెలియదు. వరంగల్ చపాటా వంటి రంగు ఎక్కువ, కారం తక్కువ ఉన్న రకం శ్రేష్ఠం. మిరప యార్డులో చవకగా దొరికే తాలు కాయల (రంగు వెలిసిన నాసి కాయల) జోలికి పోకండి, వాటిలో రంగు ఉండదు సరికదా బూజు విషం ఉండే ప్రమాదం ఎక్కువ. బట్టలకు వేసే రంగులను ఎవరు సూచించినా కలపవద్దు.

ఒక విషయం మీరు అడగకపోయినా చెప్పాలి. రంగు ముదిరినంత మాత్రాన గుడ్డు బలం పెరగదు, ల్యూటిన్ విటమిన్ ఎ గా మారదు. మొక్కజొన్న తగ్గించినప్పుడు దాని నుంచి కొంత అందే విటమిన్ ఎ కూడా తగ్గుతుంది గనుక, దాణాలో విటమిన్ మిశ్రమం తప్పక ఉండాలి.

సొన తయారయ్యే చివరి పది రోజులలోనే అందులో రంగు నిండుతుంది కాబట్టి, మూడు నాలుగు రోజులలో మార్పు మొదలై రెండు వారాలలోపు స్థిరపడుతుంది. అప్పటికీ రంగు రాకుంటే, పేగులలో నులిపురుగులు గాని కాక్సిడియా అనే సూక్ష్మ పరాన్నజీవులు గాని వర్ణకాన్ని గ్రహించనీయడం లేదేమో చూడాలి. తాజా రెట్టను సమీప పశువైద్యశాలలో పరీక్ష చేయించండి.