పక్క బోటుకు దెబ్బ తగిలించిన మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

రంగులు వేయించడానికి కాకినాడ కుంభాభిషేకం రేవులో మీ బోటును జరుపుతుండగా, పాటు నీటి లాగుడుకు అది అడ్డం తిరిగి, కట్టేసి ఉన్న ఫైబర్ బోటు వెనుక మూలను కొట్టిందని, ఆ వేళకు గట్టు మీద ఎవరూ లేరని రాశావు. ఈ ఉత్తరం అందిన పూటే ఆ బోటు యజమాని ఇంటికి వెళ్లి చెప్పు. ఆయన నీకు బాబాయి వరస కనుక ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. మీ అమ్మను ముందు పంపి ఆయన కోపం చల్లారాక వెళ్దామనే ఆలోచన కూడా పెట్టుకోకు.

ఇంత తొందర ఎందుకంటే ఫైబర్ దెబ్బ పైకి కనిపించినంతే ఉండదు. పై రంగు పొర మీద వెంట్రుకంత బీట మాత్రమే కనిపించవచ్చు కానీ, దాని కింద రెసిన్ అనే జిగురుతో అతికిన గాజునార పొరలు లోలోపల విడిపోయి ఉండవచ్చు. బోటు వెనుక తగిలించే అవుట్‌బోర్డు ఇంజను బరువును, అదురును మోసేది ఆ వెనుక పలకే. దాని లోపల చెక్క పెట్టి కట్టిన బోటైతే, బీటలోంచి దిగిన నీరు ఆ చెక్కను నెమ్మదిగా కుళ్లబెడుతుంది. అది నడిసముద్రంలో విడిపోతే అందులో ఉన్న నలుగురైదుగురి ప్రాణాల మీదికి వస్తుంది. ఎవరూ చూడలేదన్నది నీకు కొంత ఊరటగా తోచిందేమో; నా లెక్కన అందువల్లనే నీ బాధ్యత పెరిగింది, ఎందుకంటే ఆ బోటుకు దెబ్బ తగిలిందని ఎరిగినవాడివి ఈ రేవులో నువ్వొక్కడివే.

ఓడలు ఢీకొన్నప్పుడు అవతలి ఓడకు చేతనైన సాయం చేయాలని, తన ఓడ పేరు, తన రేవు పేరు వారికి తెలపాలని 1910లోనే దేశాలు బ్రస్సెల్స్‌లో ఒప్పందం రాసుకున్నాయి. ముక్కూమొహం తెలియని వారి మధ్యనే అంత పట్టింపు ఉంటే, ఒకే రేవులో పక్కపక్కన బోట్లు కట్టుకునే మనకు ఎంత ఉండాలో ఆలోచించు.

వెళ్లాక జరిగింది ముందు చెప్పు, కారణాలు ఆయన అడిగినప్పుడు చెబుదువుగాని. “మా బోటు మీ బోటు వెనుక మూలకు తగిలింది బాబాయ్, బీట కనిపిస్తోంది, మీరొకసారి వచ్చి చూడండి” అంటే చాలు. ఆయన బోటు దారికి అడ్డంగా కట్టి ఉన్న మాట నిజమే అయినా ఆ పూట దాన్ని నోట రానివ్వకు. ఆయన కేకలు వేస్తే వేయనివ్వు. పడవే ఆధారంగా ఇల్లు నడుపుకునే మనిషికి ఆ మాత్రం కోపం రాకుండా ఉండదు.

తరువాత ఇద్దరూ కలిసి పగటి వెలుగులో బోటు చూడండి. బీట చుట్టూ రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోతే, గట్టిగా ఉన్నచోట కంగుమని, పొరలు విడిన చోట డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగినంత మేర సుద్దముక్కతో గీత గీసి ఫోటోలు తీయండి. ఆ బోటుకు బీమా ఉంటే, కంపెనీకి తెలిపి, వారి సర్వేయరు వచ్చి చూసేదాకా ఎవరినీ చేయి పెట్టనివ్వవద్దు.

బాగుచేసే మనిషిని ఆయననే ఎంచుకోమను. తక్కువకు చేస్తాడని నీకు తెలిసినవాడిని తీసుకుపోతే, చేసిన మంచిపనికి కూడా బేరం వాసన వస్తుంది. దెబ్బ తిన్న మేర గీకి, తడి పూర్తిగా ఆరాకే కొత్త పొరలు వేయించాలి. తడి మీద వేసిన రెసిన్ సరిగా పట్టదు. వానలు పడ్డాక ఆరబెట్టడమే పెద్ద పని అవుతుంది. పైగా ఏప్రిల్ 15న మొదలైన చేపల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఈలోగా పని పూర్తయితే నువ్వు ఇచ్చుకోవలసింది మరమ్మతు ఖర్చు. ఆ గడువు దాటితే, అందరి బోట్లూ వేటకు వెళ్లి ఆయనది గట్టున ఉన్న ప్రతి రోజుకూ వేట నష్టం కూడా నీదే. ఆ నష్టంలో యజమాని వాటా ఒక్కటే లెక్కపెట్టి ఊరుకోకు. వేటకు పోతేనే వాటా దక్కే కలాసీల, అంటే బోటు మీద పనిచేసేవారి సంగతి అడగకుండానే నువ్వే ఎత్తు.

మొత్తం దగ్గర మాట కుదరకపోతే మన పెద్దల దగ్గర కూర్చుని తేల్చుకోండి, కుదిరినది కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. మీ బోటు యజమానికి కూడా ఈ రోజే చెప్పు, ఇంకొకరి నోట వింటే ఆయనకు నీ మీద నమ్మకం పోతుంది. చేతిలో డబ్బు చాలకపోతే వడ్డీకి తీసుకోకు. రెసిన్‌కు, గాజునారకు, మొదటి కూలికి సరిపడా నేను సర్దుతాను, సీజను మొదలయ్యాక నెలనెలా తీర్చుకుందువుగాని.

ఇట్లు,
మీ మావయ్య