అక్షరాలను విడగొట్టబోయే మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

కళాశాల ప్రదర్శన కోసం తెలుగు అక్షరాలను విడగొట్టి, ఒకదానిపై ఒకటి పేర్చి పోస్టరు చేయబోతున్నానని నీవు రాసిన ఉత్తరం చదివి సంతోషించాను. ముప్పై ఏళ్లు అచ్చు కోసం సీసపు అక్షరాలు కూర్చినవాడిని కనుక వద్దంటానని భయపడ్డావేమో. చెయ్యమనే చెబుతున్నాను, అయితే దేన్ని విడగొడుతున్నావో ముందు తెలుసుకో.

ఈ దారి వేసినవారిలో ముఖ్యుడైన జర్మన్ డిజైనర్ వోల్ఫ్‌గాంగ్ వైన్‌గార్ట్ స్టుట్‌గార్ట్‌లో చేతి కంపోజింగ్ (లోహపు అక్షరాలను చేత్తో పేర్చి పంక్తులు కూర్చే పని) నేర్చుకుని, 1964లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ డిజైన్ పాఠశాలకు వెళ్లాడు. ఎమిల్ రూడర్, ఆర్మిన్ హోఫ్‌మన్ బోధిస్తున్న ఆ చోట క్రమబద్ధమైన అమరిక, స్పష్టత ప్రధానం. 1968 నుంచి అక్కడే పాఠాలు చెప్పిన వైన్‌గార్ట్, అక్షరాల మధ్య ఎడాన్ని చదవలేనంత వరకూ పెంచి చూశాడు, పేరాలను మెట్లుగా కోశాడు, 1970వ దశకంలో పారదర్శకమైన ఫిల్ములను ఒకదానిపై ఒకటి పరిచి పోస్టర్లు చేశాడు. సీసపు పనిలో ఖాళీ కూడా ఒక లోహపు ముక్కే; దాన్ని చేత్తో పెట్టనిదే పంక్తి నిలవదు. ఖాళీ ఎంత ఉండాలో అతని వేళ్లకు తెలుసు కనుకనే, పదం ఎక్కడ తెగుతుందో కూడా తెలిసిందని నా నమ్మకం. కంప్యూటరులో ఖాళీ ఊరికే దొరుకుతుంది కాబట్టి నీవు ఆ అలవాటును పనిగట్టుకుని నేర్చుకోవాలి.

అమెరికన్ డిజైనర్ డేవిడ్ కార్సన్ 1994లో రే గన్ అనే సంగీత పత్రికలో తనకు విసుగనిపించిన ఇంటర్వ్యూను, అక్షరాలకు బదులు బొమ్మల గుర్తులుండే ఫాంటులో కూర్చాడు. అది ఒక్కసారికే చెల్లుతుంది, అనుకరించవద్దు.

రోమన్ లిపిలో చెల్లినవన్నీ మనకు చెల్లవు. తలకట్టు అంటుకుంటే 'వ', విడిగా నిలిస్తే 'ప'; ఆ సన్నని సందును మూసేస్తే 'పడి' కాస్తా 'వడి' అవుతుంది, అంటే నీవు రూపాన్ని కాక పదాన్నే మార్చినట్టు. పంక్తులను దగ్గరకు లాగితే పై పంక్తిలోని వత్తు కింది పంక్తిలోని గుడిపై పడుతుంది. మామూలు పుస్తకంలో అది తప్పే, కానీ నీ పోస్టరుకు అసలైన ముడిసరుకు అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే ఆ ఢీకొనడం మన లిపి స్వభావంలోనే ఉంది.

నాలుగు పంక్తులు తీసుకుని, ఒకే ఫాంటులో ముందు సాదాగా కూర్చి, అసలు కొలతలో ముద్రించి గోడకు అంటించు. తరువాత ఒక్కో ప్రతిలో ఒక్కటే మార్చు: ఎడం, లేదా పంక్తుల దూరం, లేదా అక్షరం మందం. డిజైన్ తెలియని, తెలుగు బాగా చదివేవారి చేత ప్రతి ప్రతినీ పైకి చదివించి, వారు తడబడిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టు. అది నీవు కోరి కల్పించిన తడబాటైతే ఉంచు. కాకపోతే, ఎంత అందంగా ఉన్నా, సరిదిద్దు.

సాదా ప్రతినీ, గుర్తులున్న ప్రతులనూ కలిపి నాకు పోస్టులో పంపు. ఫోనులో ఫొటో వద్దు. వత్తుల చివరలు ఎక్కడ తాకుతున్నాయో నాకు కాగితం మీదనే తెలుస్తుంది.

ఆశీస్సులతో,
తాతయ్య