బీర్ల యాత్రకి బయల్దేరిన మేనల్లుడికి

ఒరే బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి పావుగంట ఏడ్చింది. దాచుకున్న డబ్బంతా పెట్టి మూడు వారాలు యూరప్ దేశాలు తిరిగి బీర్లు తాగొస్తాడట, నువ్వైనా చెప్పరా అని. ఆవిడకి వినపడేలా నిన్ను నాలుగు తిట్టాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వొచ్చింది, కాస్త గర్వంగా కూడా అనిపించింది. మన ఇంట్లో ఇప్పటిదాకా విమానం ఎక్కినవాళ్లంతా ఉద్యోగాలకో, వ్యాపారాలకో, కూతుళ్ల పురుళ్లకో వెళ్లినవాళ్లే. ఒక రుచి ఎలా ఉంటుందో చూద్దామని బయల్దేరినవాడివి నువ్వొక్కడివే.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. ఖాళీ కడుపుతో మొదలెట్టకు. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య నీళ్లు తాగు. స్టీరింగ్ ముట్టుకోకు, అక్కడ రైళ్లున్నాయి. అక్కడి చాలా దేశాలకి పనికొచ్చే షెంగెన్ వీసా వచ్చింది కదా అని డబ్లిన్ టికెట్ కొనెయ్యకు, ఐర్లాండ్ అందులో లేదు, దానికి వేరే వీసా కావాలి.

ఇప్పుడు అసలు సంగతి. మనవాళ్లకి తాగడం వచ్చుగానీ రుచి చూడటం రాదు, నాతో సహా. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చినప్పుడు నాకు 25 ఏళ్లు. 1997లో సడలించేదాకా ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక, ఎవరైనా చూస్తారేమోనని గడగడా తాగేసి సీసా పారేసేవాళ్లం. తప్పే, కాదనను. ఆ కంగారు మాకు ఇప్పటికీ పోలేదు. నాలుక మొద్దుబారేంత చల్లగా ఉండాలి, లేబుల్ మీద స్ట్రాంగ్ అని ఉండాలి, ఐదు నిమిషాల్లో అయిపోవాలి. బెల్జియంలో ఆ వేషాలు వేశావో, చచ్చావే. అక్కడ వెస్ట్‌వ్లెటెరన్ మఠంలో సన్యాసులు చేసే 12 నంబరు బీరులో ఆల్కహాల్ 10 శాతం పైనే ఉంటుంది. దాన్ని మరీ చల్లగా కాకుండా, చిన్న గుటకలుగా, గంటసేపు కూర్చుని తాగాలి. చెక్ వాళ్ల బీరు మీద కూడా 12 అని కనిపిస్తుంది, చూసి భయపడకు. అది కాచినప్పుడు అందులో ఉన్న మాల్టు చక్కెర లెక్క, ఆల్కహాల్ 5 శాతం అటూ ఇటూ ఉంటుంది. 1842లో వాళ్ల పిల్సెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా ఆయన కాచిన బంగారు రంగు బీరుకి బంధువులే మన బార్లలో దొరికే లేత పసుపు రంగు బీర్లు చాలావరకు, కాబట్టి ఆ ఊరు మానకు.

బ్రస్సెల్స్‌లో లాంబిక్ అనే బీరు తాగినప్పుడు నీకు మీ తాతయ్య గుర్తురావాలి. తెనాలి అవతల మన ఊళ్లో తెల్లారుజామున లొట్టి దింపగానే తాటికల్లు తియ్యగా ఉండేది, మధ్యాహ్నానికి పులిసి ముక్కుకి ఘాటుగా తగిలేది. అందులో ఎవరూ ఏమీ కలపలేదు, పులియబెట్టేదంతా గాల్లోనూ కుండలోనూ ఉన్న సూక్ష్మజీవులే. లాంబిక్ కూడా అంతే. కాచిన రసాన్ని చలికాలంలో వెడల్పాటి లోతులేని తొట్టిలో రాత్రంతా వదిలేస్తారు, గాలే దాన్ని పులియబెడుతుంది. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచి, పాతదీ కొత్తదీ కలిపితే గూజ్ అవుతుంది. మొదటి గుటకకి మొహం చిట్లిస్తావు. రెండోది మానకు.

ఇక జర్మనీలో కొలోన్ ఊరు. ఇది మీ అత్తకి చూపించకు.

1999 మార్చిలో నేను వ్యాపారం పని మీద కొలోన్ వెళ్లాను. మీ అత్త గుంటూరులో పుట్టింట్లో ఉంది, కాన్పుకి ఇంకా నెల తప్పకుండా పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. రోజూ సాయంత్రం ఐదున్నరకి హోటల్ గదిలో ఉంటాను, ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యండి అని మామగారితో అన్నాను. ఆ రోజు పని త్వరగా అయిపోయింది, పక్క సందులో బీరు హాల్లోకి దూరాను. అక్కడి కోల్ష్ అనే బీరు 200 మిల్లీలీటర్ల సన్న గ్లాసుల్లో ఇస్తారు. గ్లాసు ఖాళీ అవగానే నీలం ఏప్రన్ కట్టుకున్న పెద్దాయన అడగకుండానే ఇంకోటి పెట్టి, కిందున్న అట్టముక్క మీద పెన్సిలుతో గీత గీసి వెళ్లిపోయేవాడు. నేనేమో మన పెళ్లి వడ్డన లాగా, వద్దంటే బాధపడతాడేమో అనుకున్నాను. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు, ఆ అట్టముక్క తీసి గ్లాసు మీద మూత పెడితే చాలట, అక్కడ ఇక వద్దు అని అర్థం అదే. నాకెవరూ చెప్పలేదు. పద్నాలుగు గీతలు.

హోటల్‌కి వచ్చేసరికి అర్ధరాత్రి. కౌంటర్ దగ్గర అమ్మాయి మూడు చీటీలిచ్చింది. ఏవో బిల్లులనుకుని జేబులో కుక్కి పడుకున్నాను. పొద్దున్న చూస్తే మూడింటి మీదా మామగారి పేరు, టైములు. 5:40, 6:30, 8:00. అంటే ఆఖరిసారి చేసినప్పుడు గుంటూరులో రాత్రి పన్నెండున్నర. ఆ వయసులో ఆయన ఆసుపత్రికీ ఎదురుగా ఉన్న ఐ.ఎస్.డి. బూత్‌కీ మధ్య మూడుసార్లు రోడ్డు దాటారన్నమాట. నేను ఫోన్ చేశాక "ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. మీటింగ్ ఆలస్యమైందా అల్లుడుగారూ?" అన్నారు. "అవునండీ" అన్నాను. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది, ఇంట్లో ఇప్పటికీ అది మీటింగే. చీటీలు నా పాత పాస్‌పోర్టులో ఉన్నాయి.

అందుకే చెప్తున్నా, తాగాక కాదు, మొదటి గ్లాసు ముట్టకముందే అమ్మకి ఫోన్ చెయ్యి. సెప్టెంబర్‌లో అక్కడ సాయంత్రం ఐదంటే ఇక్కడ ఎనిమిదిన్నర, ఆవిడ సీరియల్ మధ్యలో ఉన్నా ఎత్తుతుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టావంటే నీతో మాట్లాడను. మ్యూనిక్ బీరు ఉత్సవంలో లీటరు మగ్గులు, బీరు కూడా మామూలు దానికన్నా గట్టిది, ఒక్కటి చాలు. రెండు తాగానని ఫోటో పెట్టకు, మీ అమ్మ నన్నే అంటుంది.

కారప్పొడి తీసుకెళ్లు, కానీ రూములో అన్నంలోకే. ఆ నోటితో బీరు రుచి చూస్తే మంట తప్ప ఏం తెలీదు.

వచ్చేటప్పుడు గూజ్ ఒక్క సీసా తే. చేతిసంచిలో పెడితే చాలా ఎయిర్‌పోర్టుల్లో తీసేసుకుంటారు, తువ్వాలులో చుట్టి పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టు. మీ అత్తా నేనూ చెరో అర గ్లాసు తాగుతాం. అప్పుడు ఆ చీటీల సంగతి చెప్దామా అని ఆలోచిస్తున్నాను, చూద్దాం.

మీ మావయ్య